ఇంజను టైమింగు ముట్టుకునే ముందు

(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఎప్పుడూ గిట్టుబాటు ధర గురించి, కాలువ నీళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఈ పూట ఆయిలు ఇంజను గురించి చెప్పమని కమిటీవారు నన్ను అడిగారు. నేను మెకానిక్కుని కాను. చదివింది పదో తరగతి. కానీ ముప్పై ఏళ్లుగా ఆయిలు ఇంజనుతో కాపురం చేస్తున్నవాణ్ణి. అది పెట్టిన బాధలన్నీ పడ్డాను. నేను పడ్డ బాధ మీరు పడకూడదని ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

మనది కృష్ణా డెల్టాలో కాలువ చివరి ప్రాంతం. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పైవాళ్లందరినీ దాటుకుని మన తూము దగ్గరికి వచ్చేసరికి చీలమండ లోతు కూడా ఉండదు. కొన్ని వంతుల్లో అసలే రాదు. అప్పుడు మనకు దిక్కు మురుగు కాలువ. మురుగు కాలువలో నీళ్లు చేనుకు పెట్టాలంటే ఆయిలు ఇంజను. ఇంజను తిరగాలంటే డీజిలు. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వం నియంత్రణ ఎత్తేసింది. 2017 జూన్ నుంచి బంకులో రోజుకో ధర. ఇవాళ లీటరు వంద రూపాయల చుట్టూ తిరుగుతోంది. ఐదు హార్స్‌పవర్ ఇంజను నిండు లోడు మీద గంటకు లీటరు అటూ ఇటూగా తాగుతుంది. అది బాగున్న ఇంజను సంగతి. బాగాలేనిది ఎంత తాగుతుందో మనలో చాలామంది ఎప్పుడూ కొలవలేదు. నేనూ కొలవలేదు, దెబ్బ తినేదాకా.

ఆ దెబ్బ గురించి ముందు చెబుతాను.

కొన్నేళ్ల కిందట దాళ్వాలో, చేను పొట్ట మీదుంది. కాలువ కట్టేశారు. మూడెకరాలకు ఇంజను పెట్టాను. ఇంజను నల్లగా పొగ వదులుతోంది, లోడు పడగానే మూలుగుతోంది. దగ్గర్లో ఉన్న ఒక కుర్ర మెకానిక్కుని పిలిచాను. చూసి, “బాబాయ్, టైమింగు వెనకపడింది. కాస్త అడ్వాన్సు చేస్తే చాలు, గుర్రంలా లాగుతుంది” అన్నాడు. పంపు దగ్గర ఏదో విప్పాడు, ఏదో బిగించాడు. ఐదువందలు తీసుకున్నాడు. ఇంజను వేశాం. శబ్దం మారింది. ఠంగుఠంగుమని గట్టిగా కొడుతోంది. నిజంగానే బలం వచ్చిందనుకున్నాను. ఇంజను గట్టిగా అరిస్తే బాగా పనిచేస్తున్నట్టు అనుకోవడం మనకు అలవాటు కదా.

మూడో రాత్రి హెడ్ గ్యాస్‌కెట్ పేలిపోయింది. విప్పి చూస్తే పిస్టను నెత్తిన పగులు. పట్నం నుంచి సామాను వచ్చి బిగించేసరికి ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ చేను బీటలు తీసింది. పొట్ట మీదున్న వరికి ఐదు రోజులు నీరు లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఏడు ఆ మూడెకరాల్లో తాలే ఎక్కువ.

ఇంజను విప్పింది పట్నంలో ఒక పెద్దాయన. గాలి తీసుకునే గొట్టం ఊడదీసి నా చేతిలో పెట్టారు. అందులో కందిరీగ మట్టితో గూడు కట్టింది. దాని కింద ఫిల్టరు నిండా ఊక, దుమ్ము. “నీ ఇంజను ఊపిరాడక మూలుగుతుంటే, నువ్వు దాని నెత్తి మీద సుత్తితో కొట్టించావయ్యా” అన్నారు. నల్ల పొగకు కారణం టైమింగు కాదు, గాలి. అసలు టైమింగు అంతకుముందు సరిగ్గానే ఉంది. మేము దాన్ని పాడుచేశాం.

ఆ కుర్రవాణ్ణి తిట్టడానికి ఇది చెప్పడం లేదు. వాడికి ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. తప్పు ఇద్దరిదీ.

ఇంతకీ ఈ టైమింగు అంటే ఏమిటి? పిల్లవాణ్ణి ఉయ్యాల ఊపడం అందరికీ తెలుసు. ఉయ్యాల వెనక్కి వచ్చి, ఆగి, మళ్లీ ముందుకు కదలబోయే క్షణంలో తోస్తే చిన్న తోపుకే బాగా ఊగుతుంది. ఇంకా వెనక్కి వస్తుండగానే ఎదురు తోస్తే మన చేతులే నొప్పి పుడతాయి. ముందుకు వెళ్లిపోయాక తోస్తే చెయ్యి గాలిలో పోతుంది. ఇంజనులోనూ ఇంతే. పిస్టను పైకి వచ్చి గాలిని నొక్కుతుంది. అలా నొక్కుకుపోయిన గాలి బాగా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ డీజిలును తుంపరగా కొడుతుంది, అది మండుతుంది, పిస్టనును కిందికి తోస్తుంది. ఆ తోపు పిస్టను పైకొస కాస్త దాటాక పడాలి.

కానీ డీజిలు పడగానే మండదు. తుంపర ఆవిరై గాలిలో కలిసి అంటుకోవడానికి రవ్వంత వ్యవధి కావాలి. అందుకని పిస్టను పైకొసకు రాకముందే డీజిలు కొట్టడం మొదలుపెట్టాలి. ఎంత ముందు అనేదే టైమింగు. దాన్ని ఫ్లైవీలు తిరిగే డిగ్రీల్లో చెబుతారు. మన పాత లిస్టర్ రకం, నిమిషానికి 650 చుట్లు తిరిగే నెమ్మది ఇంజనుకు పైకొసకు 20 డిగ్రీల ముందు. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్లలో కంపెనీని బట్టి, మోడలును బట్టి మారుతుంది. మీ ఇంజను పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంతే. పక్కవాడి ఇంజను లెక్క మన ఇంజనుకు పనికిరాదు.

1500 చుట్ల ఇంజను ఒక చుట్టు తిరగడానికి పట్టేది సెకనులో 25వ వంతు. అందులో 360 డిగ్రీలు. అంటే ఒక్క డిగ్రీ తేడాను కన్నుతోనో చెవితోనో పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. “వినే చెప్పేస్తాను” అనేవాణ్ణి నమ్మకండి. విని అనుమానపడవచ్చు, కొలిచే సరిచెయ్యాలి.

పెట్రోలు కారులోనూ సంగతి ఇదే. అక్కడ డీజిలు తుంపర బదులు ప్లగ్గు నిప్పురవ్వ. పాత అంబాసిడర్లు, పెట్రోలు జీపుల రోజుల్లో డిస్ట్రిబ్యూటర్‌ను ఇంత తిప్పి టైమింగు సరిచేసేవాళ్లు. ఎక్కువ ముందుకు తిప్పితే ఎత్తు ఎక్కేటప్పుడు లోపల గోళీలు కొట్టినట్టు చప్పుడొచ్చేది. ఇప్పటి కార్లలో ఆ పని కంప్యూటరు చేస్తుంది. మన కుర్రాళ్లు కార్లకు, ట్రాక్టర్లకు ఏవో పెట్టెలు తగిలించి బలం పెంచుతామనే మాటలు వింటున్నారు. బలం ఊరికే రాదు. ఎక్కువ డీజిలు పోసి, లోపలి ఒత్తిడి పెంచితే వస్తుంది. ఆ ఒత్తిడి పిస్టను మీద, బేరింగు మీద, గేరు బాక్సు మీద పడుతుంది. వారంటీ కూడా పోతుంది.

టైమింగు మరీ ముందైతే ఏమవుతుందో నా పిస్టను చెప్పింది. పిస్టను ఇంకా పైకి వస్తుండగానే మంట ఎదురు తోస్తుంది. గట్టి చప్పుడు, హ్యాండిలు వెనక్కి తన్నడం, గ్యాస్‌కెట్ పోవడం, బేరింగు అరగడం. మరీ వెనకైతే మంట ఆలస్యంగా మొదలై సైలెన్సరు దాకా సాగుతుంది. ఇంజను మొద్దుబారినట్టు ఉంటుంది, పొగ వస్తుంది, సైలెన్సరు విపరీతంగా కాలుతుంది, నీళ్లు త్వరగా మరుగుతాయి, డీజిలు ఎక్కువ తాగుతుంది.

ఇక ముఖ్యమైన మాట. పొగ, బలం తగ్గడం, డీజిలు ఎక్కువ తాగడం, ఈ మూడూ టైమింగు వల్లే రావాలని లేదు. చాలాసార్లు వేరే కారణం. ఎందుకంటే టైమింగు గేర్ల మీద నడుస్తుంది. అది రాత్రికి రాత్రి దానంతటది మారదు. ఇంజను విప్పి బిగించినప్పుడు గేరు గుర్తులు కలపకపోతే మారుతుంది. డీజిలు పంపు మార్చి కింద రేకులు సరిగ్గా వెయ్యకపోతే మారుతుంది. ఏళ్ల తరబడి క్యామూ టాపెట్టూ అరిగితే కొద్దికొద్దిగా వెనక్కి పోతుంది. ఈ మూడింటిలో ఒకటి జరగలేదంటే టైమింగును చివర్లో అనుమానించండి. ముందు చూడాల్సినవి వరసగా చెబుతాను.

మొదటిది గాలి. ఫిల్టరు విప్పండి. ఆయిలు గిన్నె రకమైతే గిన్నె కడిగి, జాలీ కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, గీత వరకూ కొత్త ఆయిలు పొయ్యండి. గీత దాటించకండి. కాగితం ఫిల్టరైతే మార్చండి.

రెండోది డీజిలు. ట్యాంకు అడుగున నీళ్లు, మడ్డి ఉంటాయి. తీసెయ్యండి. ఫిల్టరు మార్చాక లైనులో గాలి తీసెయ్యండి. కారుతున్న జాయింటు ఉంటే ఆ రోజే బిగించండి. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే, మిల్లీలీటరుకు 20 చుక్కలు వేసుకున్నా, గంటకు 180 మిల్లీలీటర్లు. రాత్రీ పగలూ కారితే రోజుకు నాలుగు లీటర్ల పైమాటే. కింద గిన్నె పెట్టి మళ్లీ పోసుకుంటున్నాం అనుకోకండి. ఆ గిన్నెలో దుమ్మూ తిరిగి ఇంజనులోకే పోతుంది.

మూడోది నాజిల్. మంచి నాజిల్ పొగమంచులా కొడుతుంది. పాడైంది ధారగా కారుతుంది. ధారగా కారిన డీజిలు సరిగ్గా మండదు, నల్ల పొగై పోతుంది. నాజిల్‌ను టెస్టరు మీద పెట్టి చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. నాజిల్ కొట్టే తుంపరకు చెయ్యి అడ్డం పెట్టకండి. మోటారు సైకిలు టైరులో గాలి రెండు కిలోలుంటే, కొన్ని ఇంజన్లలో నాజిల్ విప్పుకునే ఒత్తిడి 200 కిలోల దాకా ఉంటుంది. డీజిలు చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనపడుతుంది, లోపల వేలు కుళ్లిపోతుంది. అలా జరిగితే పసుపు రాసి ఊరుకోవద్దు. ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి.

నాలుగోది వాల్వుల సందు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పుస్తకంలో ఉన్న కొలత ప్రకారం, గేజీ పెట్టి సరిచెయ్యాలి.

ఐదోది నీళ్ల పంపు. ఇంజను మీద కోపం పంపు మీద చూపించాల్సిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కుంటే, సక్షన్ పైపు ఎక్కడో గాలి పీలుస్తుంటే, బెల్టు జారుతుంటే ఇంజను ఎంత తిరిగినా నీళ్లు రావు. పైపు మూతి గట్టు మీద ఎత్తుగా పెట్టి నీళ్లు దూకుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పది అడుగులు ఎత్తాల్సిన నీళ్లను పన్నెండు అడుగులు ఎత్తితే ఐదో వంతు పని అదనం. ఆ ముచ్చటకు డీజిలు కాలుతుంది. పైపు మూతిని చేను మట్టానికి దించండి.

పొగ రంగు కూడా మాట్లాడుతుంది. నలుపైతే గాలి చాలలేదు, నాజిల్ పాడైంది, లేదా లోడు ఎక్కువైంది. నీలమైతే రింగులు అరిగి ఇంజనాయిలు కాలుతోంది. తెలుపైతే డీజిలు మండకుండా పోతోంది, లేదా నీళ్లు లోపలికి వస్తున్నాయి. తెల్లవారుజామున వేసినప్పుడు కాసేపు తెల్లగా వచ్చి ఆగిపోతే భయం లేదు.

ఇవన్నీ చేశాక కూడా తేడా ఉంటే అప్పుడు టైమింగు చూడాలి. మన ఊళ్లో ఎక్కువగా ఉన్న ఒంటి సిలిండరు, పెద్ద ఫ్లైవీలు ఇంజనుకు చూసే పద్ధతి చెబుతాను. మీరే చెయ్యమని కాదు, చేసేవాడు సరిగ్గా చేస్తున్నాడో లేదో మీకు తెలియాలని.

ఇంజను ఆపి, చల్లారనివ్వాలి. డీజిలు పంపు నుంచి నాజిల్‌కు పోయే ఇనప గొట్టం పంపు దగ్గర విప్పాలి. పంపు పూర్తి డీజిలు ఇచ్చేలా పెట్టాలి. రెండు వాల్వులూ మూసుకుని పిస్టను పైకి వచ్చే చుట్టులో, ఇంజను తిరిగే వైపే, ఫ్లైవీలును చేత్తో మెల్లగా తిప్పాలి. పంపు మూతి దగ్గర డీజిలు మట్టాన్ని కన్నార్పకుండా చూడాలి. అది ఉబికి కదిలిన క్షణంలో ఆగాలి. అక్కడ ఫ్లైవీలు మీద సుద్దతో గీత పెట్టాలి. తర్వాత పైకొస గుర్తు అదే చోటికి వచ్చేదాకా తిప్పి, సుద్ద గీతకూ గుర్తుకూ మధ్య దూరం టేపుతో కొలవాలి.

లెక్క తేలికే. 60 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఫ్లైవీలు చుట్టుకొలత సుమారు 188 సెంటీమీటర్లు. దాన్ని 360 పెట్టి భాగిస్తే డిగ్రీకి 5 మిల్లీమీటర్ల పైచిలుకు. 20 డిగ్రీలంటే పదిన్నర సెంటీమీటర్లు. మీ టేపులో ఏడు వచ్చిందంటే టైమింగు వెనకపడింది. పద్నాలుగు వచ్చిందంటే ఎవరో మరీ ముందుకు జరిపారు. మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ ఒకటే వస్తేనే నమ్మండి.

లిస్టర్ రకంలో పంపు కింద టాపెట్ మీద మర ఉంటుంది. దాన్ని పైకి తిప్పితే ముందుకు, కిందికి తిప్పితే వెనక్కి. పంపు కింద రేకులుండే ఇంజన్లలో ఒక రేకు తీస్తే ముందుకు, ఒక రేకు వేస్తే వెనక్కి. కొద్దిగా మార్చడం, మళ్లీ కొలవడం. పుస్తకంలో ఉన్న అంకె దగ్గర ఆగిపోవడం. దాన్ని దాటి బలం కోసం ఇంకో రెండు డిగ్రీలు అన్నవాడికి నా పిస్టను కథ చెప్పండి.

బాగైందో లేదో కూడా చప్పుడుతో కాదు, సీసాతో తేల్చుకోవాలి. లీటరు సీసాకు గొట్టం పెట్టి ఇంజనుకు తగిలించి, పంపు నడుస్తుండగా లీటరు ఎన్ని నిమిషాలు వచ్చిందో చూడండి. అప్పట్లో మా ఆవిడ గట్టు మీద కూర్చుని గడియారం చూసింది. ఫిల్టరు కడగకముందు, నాజిల్ మార్చకముందు పెట్టిన లీటరు 46 నిమిషాలు. అన్నీ సరిచేశాక 58 నిమిషాలు. టైమింగు మాత్రం పుస్తకంలో ఉన్న అంకె దగ్గరే ఉంది. ఆ పన్నెండు నిమిషాలూ నాకు ఊరికే వచ్చాయి. మీరూ ఒక్కసారి కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి. మళ్లీ సార్వాకు కొలిస్తే ఇంజను దిగజారిందో లేదో అదే చెబుతుంది.

ఇక ట్రాక్టర్ల మాట. నాలుగు సిలిండర్ల ట్రాక్టరు టైమింగు గట్టు మీద చేసే పని కాదు. పంపు బోల్టులు వదులు చేసే ముందు పంపుకూ ఇంజనుకూ కలిపి గీత గీయించండి. గీత లేకుండా తిప్పితే మళ్లీ పాత చోటు దొరకదు. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో ఎక్కువ వాటికి డీజిలు కొట్టే సమయం కంప్యూటరే నిర్ణయిస్తుంది. పానాతో సరిచేసేది అక్కడ లేదు. తప్పు ఏమిటో చదవాలంటే కంపెనీ యంత్రం కావాలి. అది డీలరు దగ్గరే ఉంటుంది. వరి కోతల సీజనులో ట్రాక్టరు ఆగితే డీలరు మనిషి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్ర రైతులు కొట్లాడి, వ్యవసాయ యంత్రాలను సొంతంగా బాగుచేసుకునే హక్కుకు 2023లో చట్టం తెప్పించుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అందులో వ్యవసాయ పరికరాలనూ చేర్చింది. కమిటీతో ఆగకుండా చట్టం కావాలని మనం అడగాలి. యంత్రం పుస్తకం తెలుగులో ఇవ్వాలని, విడి భాగాలూ తప్పు చదివే యంత్రమూ ఊరి మెకానిక్కుకూ అమ్మాలని అడగాలి.

చివరగా ఈ సభ ముందు మూడు పనులు పెడుతున్నాను. ఒకటి, ఏరువాకకు నెల ముందు ప్రతి గ్రామంలో ఒక రోజు ఇంజన్ల శిబిరం పెడదాం. ఐ.టి.ఐ. పిల్లలను, అనుభవమున్న మేస్త్రీలను పిలుద్దాం. ఊరి కుర్ర మెకానిక్కులను తప్పకుండా కూర్చోబెడదాం. రెండు, నాలుగు గ్రామాలకు కలిపి ఒక నాజిల్ టెస్టరు సంఘం తరఫున కొందాం. ఒక్కరికి భారమైనది పదిమందికి భారం కాదు. మూడు, ఇంజను బాగు చేయించినవాళ్లు పాత సామాను వెనక్కి అడిగి తీసుకోండి. ఏం చేశారో, టైమింగు ఎంత పెట్టారో కాగితం మీద రాయించుకోండి. మంచి మెకానిక్కు దానికి బాధపడడు.

ఒక్క మాట మరిచిపోవద్దు. ఇంజను ఎంత బాగు చేసుకున్నా చివరి ఎకరానికి కాలువ నీరు రావాలన్న మన డిమాండు అలాగే ఉంది. వంతు ప్రకారం నీరు వస్తే ఈ డీజిలు ఖర్చే లేదు. ఆ పోరాటం ఆగదు. ఈలోపు మన ఇంజను మన డబ్బు వృథాగా తాగకుండా చూసుకుందాం. ఇంటికెళ్లగానే చెయ్యాల్సిన మొదటి పని, ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి. కందిరీగలుంటే జాగ్రత్త.